తేనె గడ్డకడితే... కల్తీ అయినట్టేనా?

చలికాలంలో మన ఇళ్లల్లో రెండు సీసాలు గడ్డకడతాయి. ఒకటి కొబ్బరినూనె, రెండోది తేనె. కొబ్బరినూనెను ఎవరూ అనుమానించరు. కాసేపు ఎండలో పెట్టి తలకు రాసుకుంటారు. తేనె సీసా అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే మాత్రం ‘పంచదార కలిపి అంటగట్టాడు’ అంటూ పక్కన పెట్టేస్తారు. ‘ఇది వాడొచ్చా డాక్టరుగారూ?’ అని ఓపీలోనూ అడుగుతుంటారు. మార్కెట్లో కల్తీ తేనె ఉన్నమాట నిజమే. కానీ గడ్డకట్టడం దానికి గుర్తు కాదు. పైగా తేనె అసలుదా, నకిలీదా అన్న ఆరాటంలో అంతకన్నా ముఖ్యమైన సంగతులు రెండు మరచిపోతున్నాం. అవేమిటో చివర్లో చెబుతాను.

ఎందుకు గడ్డకడుతుంది?

తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. నీరు 20 శాతంలోపు ఉంటుంది. అంత తక్కువ నీటిలో అంత చక్కెర ఎల్లకాలం కరిగి ఉండలేదు. చిక్కటి పంచదార పాకం చల్లారాక గిన్నె అంచున పలుకులు కడుతుంది కదా, ఇదీ అలాంటిదే.

తేనెలో ముఖ్యంగా ఉండేవి ఫ్రక్టోజ్, గ్లూకోజ్. ఫ్రక్టోజ్ నీటిలో తేలిగ్గా కరిగి ఉంటుంది. గ్లూకోజ్‌కు ఆ గుణం తక్కువ. అందుకే అది ముందుగా విడిపోయి స్ఫటికాలుగా మారుతుంది. ఏ పూల తేనెలో గ్లూకోజ్ పాలు ఎక్కువైతే అది అంత త్వరగా గడ్డకడుతుంది. ఆవ పూలు, పొద్దుతిరుగుడు పూల తేనెలు ఇలాంటివే. సుమారు 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ మార్పు బాగా వేగంగా జరుగుతుంది. మన చలికాలపు రాత్రుల్లో చాలాచోట్ల ఉండేది ఇంచుమించు ఆ చలే.

తేనెలోని పుప్పొడి రేణువులు, మైనపు తునకల చుట్టూ స్ఫటికాలు పెరుగుతాయి. వేడిచేసి, బాగా వడకట్టిన తేనెలో అవి తక్కువ కాబట్టి చాలాకాలం జారుగా ఉంటుంది. అంటే ఎప్పుడూ జారుగా ఉండటం స్వచ్ఛతకు రుజువు కాదు. అలాగని గడ్డకట్టిందంటే అసలైనదేననీ చెప్పలేం. పంచదార పాకమూ పలుకులు కడుతుంది మరి!

ఇంటి పరీక్షలు ఏం చెబుతాయి?

గ్లాసు నీళ్లలో చుక్క వేసి మునుగుతుందో లేదో చూడటం, బొటనవేలి మీద నిలుస్తుందేమో చూడటం, కాగితం మీద వేయడం, ఒత్తిని ముంచి వెలిగించడం... వీటన్నిటిలో తెలిసేది తేనె ఎంత చిక్కగా ఉంది, నీరు ఎంత ఉంది అన్నదే. చిక్కగా కాచిన పంచదార పాకం కూడా నీళ్లలో మునుగుతుంది, వేలి మీద నిలుస్తుంది. మరోపక్క, అడవిలో కొండ తేనెటీగల పట్టు నుంచి తీసిన అచ్చమైన తేనెలో నీటిపాలు ఎక్కువగా ఉండొచ్చు. అలాంటి తేనె ఈ పరీక్షల్లో తప్పుతుంది. నల్లమలలో చెంచులు కష్టపడి తీసుకొచ్చిన తేనెను కూడా ఈ లెక్కన నకిలీ అనేస్తాం. ఇక అసలైన తేనెకు చీమలు పట్టవన్నది ఒట్టి మాట.

ల్యాబుల్లోనూ ఇది తేలికైన పని కాదు. చెరకు, మొక్కజొన్న చక్కెరలను కార్బన్ ఐసోటోపుల పరీక్షతో పట్టుకోవచ్చు. వరి, బీట్‌రూట్ సిరప్‌లు కలిపితే ఆ పరీక్షకు చిక్కడం కష్టం. 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాలను పరీక్షిస్తే, అన్ని పరీక్షల్లో నెగ్గినవి 5 మాత్రమే. అంతకన్నా లోతైన ఎన్ఎమ్ఆర్ పరీక్ష కోసం నమూనాలను జర్మనీ పంపాల్సి వచ్చింది. అక్కడి యంత్రాలు తేల్చాల్సిన సంగతిని మన గ్లాసు నీళ్లు తేల్చలేవు.

పరీక్షల కన్నా ముఖ్యమైనవి

మొదటిది పసిపిల్లల సంగతి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ‘ఇది అడవి తేనె, స్వచ్ఛమైనది’ అని అమ్మమ్మలు భరోసా ఇస్తారు. ప్రమాదం కల్తీలో లేదు. స్వచ్ఛమైన తేనెలోనూ క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులు వాటిని ఎదగనివ్వవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషాన్ని తయారుచేయొచ్చు. మలబద్ధకం, ఏడుపు బలహీనపడటం, పాలు సరిగా తాగలేకపోవడం, రెప్పలు వాలిపోవడం, ఒళ్లు వేలాడేయడం దీని లక్షణాలు. ఊపిరి తీసుకునే కండరాలూ చచ్చుబడొచ్చు. ఈ జబ్బు అరుదే, కానీ ప్రాణాంతకం. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు. అందుకే ఏడాది నిండేదాకా చుక్క తేనె కూడా వద్దు. ఈ మాట పెద్దవాళ్లకు కాన్పుకు ముందే నెమ్మదిగా చెప్పి ఒప్పించండి. ఇప్పటికే తేనె నాకించి ఉంటే కంగారు పడకండి. పై లక్షణాల్లో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తేనె ఇచ్చిన సంగతి చెప్పండి.

రెండోది మధుమేహం. ‘పంచదార మానేశానండీ, తేనె వేసుకుంటున్నాను’ అని తృప్తిగా చెప్పేవాళ్లు ఎందరో. ఒక చిన్న చెంచా తేనె సుమారు 7 గ్రాములు తూగుతుంది. అందులో 6 గ్రాముల దాకా చక్కెరే. అదే చెంచాడు పంచదార 4 గ్రాములే. అంటే చెంచాకు చెంచా మార్చితే చక్కెర తగ్గకపోగా పెరుగుతోంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేనెను పంచదారతో పాటే లెక్కిస్తుంది. రోజుకు 2000 కేలరీలు తినేవారు వీటన్నిటినీ కలిపి 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల్లోపైతే మరీ మంచిదని దాని సూచన. షుగర్ ఉన్నవారు తేనెను మందులా కాదు, మిఠాయిలా చూడాలి.

మరి తేనెతో మేలే లేదా? ఏడాది దాటిన పిల్లలకు జలుబుతో వచ్చే దగ్గు రాత్రిపూట వేధిస్తుంటే, పడుకునే ముందు అరచెంచా నుంచి చెంచా తేనె ఉపశమనం ఇస్తుంది. కాలిన గాయాలకు, షుగర్ ఉన్నవారి కాలి పుండ్లకు మాత్రం వంటింటి తేనె రాయొద్దు. గాయాలకు వాడేది ప్రత్యేకంగా శుద్ధిచేసిన తేనె.

కొనేటప్పుడు... దాచేటప్పుడు

• లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు (14 అంకెలు), ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. మరీ చవగ్గా వస్తోందంటే ఎందుకో ఆలోచించండి.

• అనుమానం బలంగా ఉంటే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఫిర్యాదు చేయండి. రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కొనుగోలుదారుకు 2006 నాటి ఆహార భద్రత చట్టంలోనే ఉంది.

• ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మూత బిగించి గది వేడిమిలోనే ఉంచండి. తడి చెంచా వాడొద్దు.

• గడ్డకడితే చెయ్యి పట్టేంత గోరువెచ్చటి నీటిలో సీసాను ఉంచండి. నీళ్లు చల్లారితే మార్చండి. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. కరిగించకుండా అలాగే తిన్నా ఏమీ కాదు.

• నురుగు వస్తూ పుల్లటి వాసన వేస్తే మాత్రం పులిసినట్టు. దాన్ని పారేయండి.