విన్న పాట వేళ్లకెక్కాలంటే...

ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగువాళ్ల ఇళ్లలో రైస్ కుక్కర్ తర్వాత తప్పకుండా కనిపించే వస్తువు కీబోర్డు! పిల్లలు వారానికి అరగంట పాఠానికి వెళ్తారు, గ్రేడు పరీక్షలు పాసవుతారు, సర్టిఫికెట్లు గోడకెక్కుతాయి. కానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "నేను రోజూ పాడే హారతి పాట వాయించు తల్లీ" అని అడిగితే మాత్రం "షీట్ మ్యూజిక్ ఏది అమ్మమ్మా?" అంటారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కాగితం చూసి వాయించడం ఒక విద్య, చెవితో విని వాయించడం మరొక విద్య. మన ఇళ్లలోని పాటలకు చాలావరకు ఆ రెండో విద్యే దిక్కు. అమ్మమ్మ హారతి పాటకు నొటేషన్ ఏ షాపులోనూ దొరకదు. అది ఆవిడ గొంతులోనే ఉంది.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, పగలంతా క్లయింట్ల ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కునేవాణ్ణి. సాయంత్రాలు మా అమ్మాయితో కీబోర్డు ముందు కూర్చున్నాక నాకు అర్థమైంది ఒక్కటే: ఇది కొందరికే దక్కే వరం కాదు, దీనికో పద్ధతి ఉంది.

ముందు 'స' దొరకాలి

కీబోర్డు మీద ఎన్ని మెట్లున్నా, తెలుపూ నలుపూ కలిపి 12 మెట్లే మళ్లీ మళ్లీ వస్తాయి. పాటకు 'స' ఏ మెట్టో తెలిస్తే మిగతావన్నీ దాన్నుంచి ఇన్ని మెట్ల దూరం అని లెక్క. మా భాషలో చెప్పాలంటే 'స' బేస్ అడ్రస్, మిగతా స్వరాలు ఆఫ్‌సెట్లు.

చాలామంది పాట ఎత్తుగడే 'స' అనుకుంటారు. 'హ్యాపీ బర్త్‌డే' చూడండి, అది కింది 'ప'తో మొదలవుతుంది. కానీ చివరికి వచ్చి ఆగేది 'స' మీదే. అందుకే పాటను చివరిదాకా కూనిరాగం తీసి, ఎక్కడ హాయిగా ఆగాలనిపిస్తుందో ఆ స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. ఎక్కువ పాటల్లో అదే 'స'.

పైకా? కిందికా?

తర్వాత అడగాల్సినవి రెండే ప్రశ్నలు. స్వరం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా? పక్క మెట్టుకు నడిచిందా, దూరంగా దూకిందా? 'ట్వింకిల్ ట్వింకిల్'లో రెండుసార్లు 'స' పలికి, అక్కడినుంచి ఒక్క దూకులో 'ప' చేరతాం. ఆ తర్వాత 'ద' ముట్టి వెనక్కి వచ్చి, మెట్టు మెట్టుగా 'స' దాకా దిగుతాం. 'హ్యాపీ బర్త్‌డే' మూడో వరుసలో కింది 'ప' నుంచి పై 'ప'కు ఏకంగా ఒక స్థాయి దూకాలి. పార్టీల్లో అందరి గొంతులూ జీరబోయేది సరిగ్గా అక్కడే!

పిల్లలకు ముందు వేళ్లతో కాదు, చేత్తో గాలిలో ఎత్తుపల్లాలు చూపిస్తూ పాడమనండి. నోటితో పాడగలిగినదే వేలికి అందుతుంది.

నల్లమెట్ల రహస్యం

నల్లమెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి కదా! మూడింటి గుంపులో మొదటిదాన్ని 'స' అనుకుని నల్లమెట్ల మీదే పైకి వెళ్లండి. స రి గ, తర్వాతి రెండూ ప ద, ఆపైన మళ్లీ 'స'. అదే మోహన రాగం! 'మాయాబజార్' (1957)లోని 'లాహిరి లాహిరి' ఈ రాగమే. నూతన సంవత్సరానికి ఇక్కడివారంతా పాడే 'ఆల్డ్ లాంగ్ సైన్' కూడా ఈ ఐదు మెట్ల మీదే పలుకుతుంది. మా అమ్మాయికి అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే.

ఇంకో వింత. మెట్లు అవే ఉంచి, మూడింటి గుంపులో నడిమిదాన్ని 'స' చేస్తే, కచేరీల ముగింపులో తరచూ వినిపించే మధ్యమావతి. మూడోదాన్ని 'స' చేస్తే, త్యాగరాజస్వామి 'సామజవరగమనా' కూర్చిన హిందోళం. దీన్నే మన సంగీతంలో గ్రహభేదం అంటారు.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే గమకం మామూలు కీబోర్డుకు అందదు. తోడి వంటి రాగాలు పొడి స్వరాలుగా వాయిస్తే తోడిలా వినిపించవు. కాబట్టి భజనలు, పాత సినిమా పాటలు, జోలపాటలతో మొదలుపెట్టండి.

పెద్దవాళ్లు ఇక్కడ ఉండగానే...

మన అమ్మానాన్నలు వీసా మీద వచ్చి ఉండేది నాలుగైదు నెలలు. ఈసారి వచ్చినప్పుడు వాళ్లు పాడే పాట ఒక్కటి ఫోనులో రికార్డు చేయండి. రోజుకు ఒక్క వరుస చాలు. పెద్దావిడ పాడాలి, పిల్లలు మెట్లు వెతకాలి. ఆవిడ శ్రుతి కీబోర్డుకు సరిగ్గా కలవకపోతే దగ్గరి మెట్టు తీసుకోండి, పాట మారదు.

పిల్లలకు తెలుగు మాటలు తడబడవచ్చు. తాతమ్మ నుంచి అమ్మమ్మకు వచ్చిన వరస మాత్రం తడబడకుండా వాళ్ల చేతికి చేరుతుంది. తప్పు మెట్టు పడినప్పుడు "అది కాదురా నాన్నా, ఇంకొంచెం పైకి" అని సరిదిద్దే మనిషి ఇంట్లో ఉండగానే ఆ పని కానివ్వండి.