గొరిల్లా పిల్లకైనా, రేచుకుక్క కూనకైనా కావలసింది కుటుంబమే
అపోహలు – వాస్తవాలు

కొయ్యూరు, చింతపల్లి బడుల పిల్లలు విహారయాత్రకు నర్సీపట్నం మీదుగా విశాఖ వెళ్తే, బీచ్‌తో పాటు ఇందిరాగాంధీ జూ పార్కు చూడకుండా తిరిగిరారు. కంబాలకొండ అడవిని ఆనుకుని ఉన్న ఈ జూను 1977లో ప్రారంభించారు. పులి, సింహం ముందు మూగే జనం రేచుకుక్కల దగ్గర అంతసేపు నిలబడరు. దేశంలో రేచుకుక్కల తొలి సంతానోత్పత్తి కేంద్రానికి 2014లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది మాత్రం ఈ జూకే.

గుంపుగా బతికే జంతువుల సంతతిని జూలో నిలబెట్టడం చాలా ఓపికతో చేసే పని. ఆఫ్రికా అడవుల్లో ఆకులు, కాయలు తిని బతికే గొరిల్లాకీ, మన కొండల్లో వేటాడి బతికే రేచుకుక్కకీ పోలికే లేదనిపిస్తుంది. కానీ ఈ ఒక్క విషయంలో రెండూ ఒకటే. పిల్ల బతికి బట్టకట్టాలన్నా, పెద్దయ్యాక అది మళ్లీ పిల్లల్ని సాకాలన్నా దాని చుట్టూ తన జాతి కుటుంబం ఉండాలి. ఈ సంగతి తెలియకపోవడం వల్లే ఎన్నో అపోహలు ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: ఒక ఆడ, ఒక మగ ఉంటే చాలు, సంతానం దానంతటదే కలుగుతుంది.

వాస్తవం: రేచుకుక్కల గుంపులో సాధారణంగా పెత్తనం చేసే ఒక జంటే పిల్లల్ని కంటుంది. మిగతావి పిన్నమ్మల్లా, బాబాయిల్లా సాకుతాయి. రెండు నెలల గర్భం తర్వాత ఒక్క ఈతలో నాలుగు నుంచి పది దాకా కూనలు పుట్టవచ్చు. అన్నిటికీ తిండి పెట్టడం తల్లి ఒక్కదాని వల్ల కాదు. వేట నుంచి తిరిగొచ్చిన పెద్ద కుక్క నోటి మూలల్ని కూనలు ఎగబడి నాకుతాయి. అది మింగి తెచ్చిన మాంసాన్ని వాటి ముందు కక్కుతుంది. కూనలు కాస్త పెద్దవై వేట దగ్గరికి వచ్చే వయసులో పెద్దవి పక్కకు తప్పుకుని వాటినే ముందు తిననిస్తాయి. ఇదంతా చూస్తూ పెరిగిన కూనకే రేపు తన పిల్లలతో ఎలా మెలగాలో తెలుస్తుంది.

గొరిల్లాల్లోనూ అంతే. తల్లి బిడ్డను మూడు, నాలుగేళ్లు పాలిచ్చి పెంచుతుంది. ఆ కాలమంతా పక్కనున్న కుర్ర ఆడ గొరిల్లాలు బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, ఎలా లాలించాలో చూసి నేర్చుకుంటాయి. ఆ అవకాశం లేకుండా పెరిగిన ఆడది తొలి కాన్పులో బిడ్డను దగ్గరికి తీసుకోకపోవడం జూలలో తరచూ ఎదురైన సమస్య.

అపోహ: మైసూరు జూకు రెండు గొరిల్లాలు వచ్చాయి కదా, త్వరలోనే పిల్లలు పుడతాయి.

వాస్తవం: 2021 ఆగస్టులో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా రెండూ మగవే. గొరిల్లా కుటుంబంలో వీపు మీద వెండి రంగు తేలిన పెద్ద మగది ఒకటి, కొన్ని ఆడవి, వాటి పిల్లలు ఉంటాయి. పుట్టుకలో మాత్రం ఆడ, మగ దాదాపు సమానం. అందుకే ప్రతి తరంలోనూ కుటుంబంలో చోటు దొరకని కుర్ర మగవి మిగులుతాయి. వాటిని ఒంటరిగా పడేయకుండా మగవాటి జట్లుగా ఉంచడం కూడా సంరక్షణ ప్రణాళికలో భాగమే. అదే మైసూరులో, డబ్లిన్ జూ నుంచి 1995లో వచ్చిన పోలో అనే మగ గొరిల్లా చాలా ఏళ్లు తోడు లేకుండా బతికి 2014లో చనిపోయింది. ఇప్పుడున్న రెండింటికీ ఆ ఒంటరితనం లేదు. పిల్లలు పుట్టకపోయినా ఇది చిన్న మేలు కాదు.

అపోహ: తల్లి కాదన్న పిల్లను మనుషులు ముద్దుగా పెంచుకుంటే చాలు.

వాస్తవం: ప్రాణం నిలబెట్టడానికి మనిషి చెయ్యి కావాలి. కానీ అక్కడితో ఆగిపోతే పిల్ల తన జాతికి పరాయిదవుతుంది. 2013 జనవరిలో అమెరికాలో టెక్సాస్‌లోని ఒక జూలో గ్లాడిస్ అనే ఆడ గొరిల్లా పుట్టింది. తల్లి దగ్గరికి తీయలేదు. దాన్ని సిన్సినాటి జూకు పంపారు. అక్కడి సిబ్బంది నల్లటి బొచ్చు అంగీలు తొడుక్కుని, గొరిల్లాల్లా మోకాళ్ల మీద, చేతుల మీద నడుస్తూ, వాటిలాగే గుర్రుమంటూ పిల్లను మోశారు. మిగతా గొరిల్లాలకు కనబడేలా, వాటి వాసన తగిలేలా పక్కనే ఉంచారు. కొన్ని నెలలకు పిల్లను సాకడం తెలిసిన ఓ ఆడ గొరిల్లాకు అప్పగించారు. వాళ్లు మొదటి రోజు నుంచీ తయారైంది పిల్లను తమ చేతుల్లోంచి వదలడానికే.

అపోహ: కొత్త పిల్లను గుంపులో వదిలేస్తే రెండు రోజుల్లో వాటికవే సర్దుకుంటాయి.

వాస్తవం: అలా వదిలితే ప్రాణం పోవచ్చు. తనకు పుట్టని పసిపిల్లను మగ గొరిల్లా చంపే ప్రమాదం ఉంది. స్థిరపడిన రేచుకుక్కల గుంపు బయటిదాన్ని సులభంగా రానివ్వదు. అందుకే జూలలో ఈ పని మెట్టు మెట్టుగా నడుస్తుంది. ముందు కొన్ని వారాలు విడిగా ఉంచి జబ్బులేమీ లేవని తేల్చుకుంటారు. తర్వాత ఇటు పడక గడ్డిని అటు, అటుది ఇటు మారుస్తారు, ఒకదాని వాసన ఒకదానికి అలవాటు కావాలని. ఆపైన మధ్యలో ఇనుప వల ఉంచి ఒకదానికొకటి కనబడనిస్తారు. వల దగ్గరికి వచ్చి ఎవరు మూతి ఆనించారు, ఎవరు పళ్లు చూపించారు, ఎవరు మేత మానేశారు అన్నది కీపరు రోజూ రాసుకుంటాడు. గుంపులో శాంతంగా ఉండే ఒకదానితో ముందు కలుపుతారు. అందరితో కలిపే రోజున పిల్ల తప్పించుకోవడానికి ఒకటికి రెండు దారులు తెరిచి ఉంచుతారు. తిండి ఒకే చోట పెట్టకుండా నాలుగు చోట్ల పెడతారు. కాస్త తరమడం, గుర్రుమనడం పరిచయంలో భాగమే. ప్రతిదానికీ విడదీస్తే పరిచయం మళ్లీ మొదటికొస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడ్డుపడాలో ఏళ్ల తరబడి వాటితో మెలిగిన కీపరుకే తెలుస్తుంది.

అపోహ: ఎన్ని పిల్లలు పుడితే అంత సంరక్షణ జరిగినట్టు.

వాస్తవం: దగ్గరి రక్తసంబంధాల్లోనే కాన్పులు జరిగితే కొన్ని తరాల్లో సంతతి బలహీనపడుతుంది. అందుకే ఏ జంతువు ఎవరికి పుట్టిందో రాసి ఉంచే వంశావళి పుస్తకాలు ఉంటాయి. మన దేశంలో కేంద్ర జూ ప్రాధికార సంస్థ కోసం వీటిని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ తయారు చేస్తుంది. ఏ జూ నుంచి ఏ జంతువు ఎక్కడికి వెళ్లాలన్నది ఆ లెక్కలు చూసి నిర్ణయించాలి.

అపోహ: జూలో పుట్టినవాటిని అడవిలో వదిలేస్తే సరిపోతుంది.

వాస్తవం: కొన్ని జంతువుల విషయంలో ఇది సాధ్యమైంది. హైదరాబాద్ నెహ్రూ జూలో 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టి, 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. కానీ మూషిక జింక ఒంటరిగా మేసుకునే చిన్న జీవి. రేచుకుక్క సంగతి వేరు. కలిసి వేటాడటం అది గుంపులోనే నేర్చుకోవాలి. వదిలితే పొందికైన గుంపునే వదలాలి. అక్కడ సరిపడా జింకలుండాలి, జబ్బులు ఉండకూడదు.

అపోహ: రేచుకుక్కలు మనుషుల మీద పడతాయి, అవి తగ్గిపోతేనే మంచిది.

వాస్తవం: వీటికి మనిషిని చూస్తే తప్పుకుపోయే స్వభావం. బ్రిటిషు పాలనలో వీటిని చంపినవారికి బహుమతులిచ్చేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాకే రక్షణ దొరికింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని కనే వయసువి 2,500కు మించి లేవని అంచనా. తూర్పు కనుమలు వాటి పాత ఇల్లు.

వాటికి ఊరకుక్కల నుంచి అంటుకునే రేబిస్, డిస్టెంపర్ జబ్బులు పెద్ద ముప్పు. ఒక్క రేచుకుక్కకు సోకితే, ఒకదాని మూతి ఒకటి నాకుతూ బతికే గుంపు మొత్తం పోవచ్చు. జూలో కీపర్లు ఎంత కష్టపడి గుంపును నిలబెట్టినా, అడవి అంచున జబ్బు ఉంటే ఆ శ్రమ అక్కరకు రాదు. కొయ్యూరు చుట్టుపక్కల అడవి అంచు ఊళ్లలో మేకలకు, పొలాలకు కాపలాగా కుక్కల్ని పెంచుకునేవారు పశువైద్యశాలలో వాటికి ఏటా టీకాలు వేయించాలి. మేకలతో అడవిలోకి వెళ్లినప్పుడు కుక్కను వెంట ఉంచుకోవాలి, వేటకు ఉసిగొల్పకూడదు. విశాఖ జూకు వెళ్లే పిల్లలకు కంచె కొట్టొద్దని, తిండి విసరొద్దని, అరవొద్దని ముందే చెప్పాలి. కూనలున్న తల్లికి అలజడి అంత హాని మరొకటి లేదు. జూ గోడల లోపల పని నిపుణులది. గోడల బయట పని మనది, దాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.