పాత చీరలతో బొంతలు కుట్టుకొనుట

మన పల్లెలలో బొంత లేని యిల్లు అరుదు. నేలమీద పరచుకొనుటకు, చలికాలములో కప్పుకొనుటకు, నులక మంచముపై వేసికొనుటకు, పసిబిడ్డను పండుకొనబెట్టుటకు బొంతయే ఆధారము. కూతురు తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చునప్పుడు తల్లియో, అమ్మమ్మయో ముందుగానే మెత్తని పాత చీరలు తీసి చిన్న బొంతలు కుట్టి ఉంచుట మనవారి అలవాటు. బెంగాలులో కాంథా అనియు, బీహారులో సుజని అనియు పిలువబడు పనులు కూడ ఈ జాతివే. అచ్చట పాత చీరల పొరలపై బొమ్మలు కుట్టెదరు. మన యిండ్లలో వరుస కుట్టుతోనే సరిపెట్టుకొందురు.

బజారులో దొరకు దుప్పట్లలో కొన్ని కృత్రిమపు నారతో చేసినవి. అవి చెమటను పీల్చవు. ఇంటిలో మూలపడియున్న రెండు నూలు చీరలతో, ఒక దారపు ఉండతో, తీరిక వేళలలో చేసిన బొంత వానికన్న మెత్తగాను, గాలి తగులునట్లుగాను ఉండి, అనేక సంవత్సరములు మన్నును. అయితే ఏ గుడ్డ వాడవచ్చునో, ఏది వాడరాదో తెలియవలెను. పురుగు మందుల వాడుక పెరిగిన ఈ కాలములో ఇది గృహిణులు మాత్రమేగాక, మందు చల్లు రైతు సోదరులు కూడ తెలిసికొనవలసిన సంగతి.

బొంత వెచ్చగా ఉండుటకు కారణము

గుడ్డకు స్వయముగా వేడి లేదు. పొరకు పొరకు మధ్య చిక్కుకొనిన గాలి కదలక నిలిచి, ఒంటి వేడిని బయటకు పోనీయదు. అందువలన ఒకే మందపాటి గుడ్డకన్న ఆరు పలుచని పొరలు ఎక్కువ వెచ్చదనము నిచ్చును. కుట్టు మరీ బిగించినచో పొరలు అణగిపోయి గాలికి చోటుండదు. మరీ వదులైనచో పొరలు జారి ఒకచోట ముద్దకట్టును. తడిసిన బొంతలో గాలికి బదులు నీరు చేరును గనుక అది చలిని ఆపజాలదు. అరకు, లంబసింగి, ఆదిలాబాదు వంటి చలి ప్రాంతములవారు ఈ సూత్రమును ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

వాడదగిన గుడ్డలు

పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలు చీరలు, నూలు పంచెలు శ్రేష్ఠము. చీరను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. పోగులు విడి జల్లెడవలె కనిపించు భాగములను తీసివేసి, గట్టి భాగములనే పైపొరలకు వాడవలెను. కొంచెము జీర్ణించిన గుడ్డను లోపలి పొరలకు వాడవచ్చును.

నైలాను, పాలియెస్టరు చీరలు చూచుటకు అందముగా నుండినను బొంతకు తగవు. చెమట పీల్చవు, పొర పొరపై జారును. వంటపొయ్యి దగ్గర నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొని తీవ్రమైన గాయము చేయును. గుడ్డ నూలుదో కాదో తెలియనిచో ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టి జాగ్రత్తగా వెలిగించి చూడవచ్చును. నూలుపోగు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. కృత్రిమపు పోగు ముడుచుకొని గట్టి పూసవలె నిలుచును.

వాడకూడని గుడ్డలు

1. మందు చల్లునప్పుడు తొడిగిన బట్టలు: ప్రత్తికిగాని, మిరపకుగాని, వరికిగాని మందు చల్లునప్పుడు తొడిగిన చొక్కా, లుంగీ, తలకు చుట్టిన తువ్వాలు ఎంత మెత్తగా నున్నను బొంతలో కలుపరాదు. మందు నూలుపోగులలోనికి ఇంకును. ఒక ఉతుకుతో, ఒక్కొక్కప్పుడు పది ఉతుకులతో కూడ పూర్తిగా పోదు. నూనెవలె జిడ్డుగా నుండు మందులు మరింత గట్టిగా పట్టుకొనును. పెద్దవారు ఆ బట్టను కొన్ని గంటలు మాత్రమే తొడుగుదురు. పసిబిడ్డ బొంతమీద రాత్రింబగళ్లు పండుకొనును. దాని అంచును నోటిలో పెట్టుకొనును. బిడ్డ చర్మము పలుచనిది. శరీరపు బరువుతో పోల్చినచో చర్మపు వైశాల్యము పెద్దవారికన్న ఎక్కువ. కావున పెద్దవారికి హాని కనిపించని కొద్దిపాటి మందు కూడ బిడ్డకు ప్రమాదకరము కావచ్చును.

మందు డబ్బాపైనుండు ముక్కోణపు గుర్తు ఎరుపైనను, పసుపైనను, నీలమైనను, ఆకుపచ్చయైనను బొంత విషయములో ఒక్కటే నియమము: మందు తగిలిన బట్ట బొంతకు పనికిరాదు.

2. మందు పట్టించిన విత్తనములు వచ్చిన సంచులు: ఈ విత్తనములకు ఎరుపు, గులాబి, నీలము వంటి రంగు కలిపియుందురు. సంచి లోపల ఆ రంగు మరక యున్నచో దానిని ఇంటి వాడుకకు తేరాదు. మరక కనిపించకున్నను విత్తనపు సంచిని పడకకు వాడకుండుటయే మేలు.

3. ఎరువుల సంచులు: నేలతేమ తగులకుండ బొంత అడుగున ఎరువుల సంచి కుట్టుట కొన్నియెడల కలదు. ఇది మంచిది కాదు. తేమకు అడ్డుగా బొంత క్రింద ఈతచాపగాని, తుంగచాపగాని విడిగా పరచుకొనిన చాలును.

మందు చల్లిన బట్టలను ఇంటిలోని మిగిలిన బట్టలతో కలిపి నానబెట్టరాదు. చేతికి తొడుగు వేసికొని, వేరు తొట్టిలో వేడినీటితోను, సబ్బుతోను ఉతికి, ఎండలో విడిగా ఆరవేయవలెను. నీరు కలుపని చిక్కని మందు ఒలికి నానిన బట్టను ఉతికి వాడుకొనుటకన్న పారవేయుటయే క్షేమము. దానిని పొయ్యిలో కాల్చరాదు. ఈ బట్టలకు ఇంటిలో ఒక ప్రత్యేకపు చిలుకకొయ్య ఏర్పరచినచో తెలియక బొంత మూటలో కలిసిపోవు భయముండదు.

కొలత, లెక్క

సాధారణముగా చీర పొడవు అయిదున్నర మీటర్లు, అనగా సుమారు 18 అడుగులు. వెడల్పు 45 అంగుళముల వరకు ఉండును. దానిని మూడు మడతలు పెట్టిన 6 అడుగుల పొడవు, 45 అంగుళముల వెడల్పుగల మూడు పొరలు వచ్చును. రెండు చీరలైనచో ఆరు పొరలు. ఒక మనిషి పండుకొనుటకు ఇది సరిపోవు కొలత.

పసిబిడ్డకైనచో ఒక చీరను 3 అడుగుల చొప్పున కత్తిరించిన ఆరు ముక్కలగును. మూడేసి పొరలతో రెండు చిన్న బొంతలు తయారగును. ఒకటి ఉతికి ఆరువరకు రెండవది వాడుకొనవచ్చును.

పెద్ద బొంతకు అంగుళము ఎడముతో పొడవుగా కుట్టినచో 44 వరుసలు పట్టును. వరుస 6 అడుగుల చొప్పున మొత్తము 264 అడుగుల కుట్టు. దారమును రెండు పేటలుగా వాడుదుము గనుక 528 అడుగులు, అనగా సుమారు 160 మీటర్లు. ముడులకు, అంచులకు కలిపి 200 మీటర్ల దారము సిద్ధముగా నుంచుకొనవలెను. రోజునకు నాలుగు వరుసలు కుట్టినను 11 రోజులలో పని ముగియును.

గుడ్డను సిద్ధపరచుట

చీరలలోని గంజి పూర్తిగా పోవువరకు వేడినీటిలో నానబెట్టి ఉతుకవలెను. గంజి మిగిలినచో బొద్దింకలు, ఇతర పురుగులు చేరును. వానకాలములో బూజు పట్టును. తడిపిన తెల్లగుడ్డతో రంగు చీరను రుద్ది చూడవలెను. రంగు అంటినచో ఆ చీరను మరి రెండు మూడు సార్లు ఉతికి, అప్పటికిని రంగు దిగుచున్నచో పసిబిడ్డ బొంతకు వాడక విడువవలెను. జరీ అంచులు ఒంటికి గీచుకొనును గనుక కత్తిరించి తీసివేయవలెను. పిన్నులు, హుక్కులు ఏవైన మిగిలెనేమో చేతితో తడిమి చూడవలెను.

కుట్టు విధానము

సూది పొడవుగాను, సన్నముగాను ఉండవలెను. గోనెసంచులు కుట్టు దబ్బనము బొంతకు పనికిరాదు. అది పెద్ద రంధ్రములు చేసి పాత గుడ్డను చించును. దారము నూలుదే కావలెను. కృత్రిమపు దారము గట్టిదే కాని, కాలక్రమమున మెత్తని గుడ్డను కోసివేయును. దారమునకు కొంచెము మైనము రుద్దినచో చిక్కుపడదు.

మొదట శుభ్రమైన గచ్చుమీద అడుగు పొరను ముడుతలు లేకుండ పరచి, నాలుగు మూలల బరువులుంచవలెను. దానిపై ఒక్కొక్క పొరను వేసి, నడుమనుండి అంచులవైపు అరచేతితో సవరించవలెను. జీర్ణించిన గుడ్డలు మధ్యలోనికి వచ్చునట్లు చూడవలెను. తరువాత పెద్ద పెద్ద కచ్చాకుట్లతో నడుమ నిలువుగా ఒకటి, అడ్డముగా ఒకటి, మూలనుండి మూలకు రెండు వేసి పొరలను నిలుపవలెను. ఈ పని మానినవారి బొంతలే తరువాత మెలిక తిరుగును.

అసలు కుట్టును నడిమి వరుసనుండి ప్రారంభించి అంచులవైపు సాగవలెను. అంచునుండి మొదలుపెట్టినచో అలవాటు లేనివారికి నడుమ గుడ్డ ఉబ్బును. సూది పైకి, క్రిందికి పోవుచు పావు అంగుళము మేర కుట్లు పడవలెను. మూడు నాలుగు కుట్లకొకసారి దారమును లాగి, వ్రేలితో వరుసను సవరించవలెను. ప్రతి కుట్టును అడుగుపొరవరకు దిగినదో లేదో వెనుకకు త్రిప్పి చూడవలెను. ముడిని పొరల మధ్యకు పోనిచ్చినచో ఒంటికి గుచ్చుకొనదు. చివరకు రెండు అంగుళముల వెడల్పుగల గట్టి గుడ్డ పట్టీని అంచు చుట్టును మడిచి కుట్టి, కచ్చాకుట్లను విప్పివేయవలెను.

కుట్టుమిషను ఉన్నవారు లావు సూది వేసి, పొడవు కుట్టు పెట్టి పని త్వరగా ముగించవచ్చును. అయినను కచ్చాకుట్టు తప్పదు.

పని ప్రారంభించునప్పుడు సూదులు లెక్కపెట్టి, లేచునప్పుడు మరల లెక్కపెట్టవలెను. ఒక సూది తక్కువైనచో అది దొరుకువరకు ఆ బొంతను ఎవరికిని పరచరాదు.

పసిబిడ్డ బొంత విషయములో

పసిబిడ్డ బొంత పలుచగా, సమముగా ఉండి క్రింద పరచుటకు మాత్రమే ఉపయోగింపవలెను. ఏడాది నిండని బిడ్డకు మందపాటి బొంతను కప్పరాదు. అది ముఖముమీదికి జారినచో ఊపిరాడక ప్రాణాపాయము కలుగును. బిడ్డను వెల్లకిల పండుకొనబెట్టి, ముఖమును తెరచి ఉంచవలెను. అద్దపుబిళ్లలు, పూసలు, గుండీలు, కుచ్చులు కుట్టరాదు. వ్రేలాడు దారము బిడ్డ వ్రేలికి చుట్టుకొని రక్తము ఆడకుండ చేయును గనుక ఎప్పటికప్పుడు కత్తిరించవలెను.

శిశువు బట్టలలోను, బొంతలలోను కలరా ఉండలు వేయరాదు. వాని ఆవిరివలన కొందరు శిశువుల రక్తకణములు విచ్ఛిన్నమై తీవ్రమైన పసిరికలు వచ్చును. ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి పెట్టెలో నుంచి, బొంతను వాడుటకు ముందు ఉతికి ఎండలో ఆరవేసిన చాలును.

బంధువులకు, స్నేహితులకు కానుక

బొంతతోపాటు తలగడ గలేబును కూడ కుట్టి ఇచ్చినచో చక్కని కానుక యగును. గలేబు అంచునకు క్రోషియా లేసు అల్లుట మన నరసాపురం ప్రాంతములో విరివిగా ఉన్న విద్య. 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని గోదావరి డెల్టా గ్రామములలో వ్యాపించి విదేశములకు ఎగుమతి యగుచున్నది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నేర్చుకొనువారికి సులభమైన అంచు ఇది. 17 అంగుళముల వెడల్పుగల గలేబు మూతి చుట్టుకొలత 34 అంగుళములు. దారమును అంచునకు బిగించి, అయిదు గొలుసులు అల్లి, అర అంగుళము దూరమున మరల అంచునకు బిగించవలెను. ఇట్లు చుట్టును 68 వంకీలు వచ్చును. రెండవ చుట్టులో ప్రతి వంకీ నడుమ సూది దింపి, మరల అయిదేసి గొలుసులు అల్లిన జాలీ ఏర్పడును. మూడు చుట్లు చాలును. ఈ లేసు పెద్దవారి తలగడలకే. పసిబిడ్డ వ్రేళ్లు జాలీలో చిక్కుకొనును గనుక వారి బొంతకు వేయరాదు.

శుభ్రత

వారమునకొకసారి బొంతను రెండువైపుల ఎండలో ఆరవేసి, దులుపవలెను. నల్లులున్నచో మరుగునీటిలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరనీయవలెను. పడకపై పొలము మందులు చల్లుట ఎన్నడును పనికిరాదు. బొంతను పిండునప్పుడు మెలితిప్పక అదిమి నీరు తీయవలెను. తెగిన వరుసను వెంటనే కుట్టినచో చిరుగు పెరుగదు.

ముఖ్యముగా గమనించవలసినవి

1. మెత్తని నూలు గుడ్డలనే వాడుడు.
2. మందు చల్లిన బట్టలు, విత్తనపు సంచులు, ఎరువుల సంచులు బొంతకు దూరముగా ఉంచుడు.
3. గంజి పోవునట్లు ఉతికి, కచ్చాకుట్టు వేసిన తరువాతనే కుట్టుడు.
4. సూదులు లెక్కపెట్టుకొనుడు.
5. బిడ్డకు బొంతను పరచుడు; కప్పవలదు.

వేసవిలో కోతలు ముగిసి పొలము పనులు తగ్గిన రోజులు ఈ పనికి అనువైనవి. అప్పుడు కుట్టి ఉంచుకొనిన బొంత వానకాలములోను, చలికాలములోను ఇంటిల్లిపాదికి ఉపయోగపడగలదు.