పూరీ స్టేషనులో ట్రంకుపెట్టె



అపరాధపరిశోధక నవలలు చదివి చదివి, అవకాశము దొరికినచో తామును ఒక హంతకుని పట్టుకొనగలమని నమ్మువారు ప్రతి యూరను నలుగురైదుగురు ఉందురు. మా మచ్చబొల్లారములోను ఉన్నారు. వారిలో నేనొకడను. ఉపాధ్యాయవృత్తి చాలించుకొని ఇంట కూర్చున్నవాడను. నాకు తోడు, రైల్వేలో గార్డుగా పనిచేసి విశ్రమించిన మా బావగారు, మందుల దుకాణము నడుపు మా పొరుగాయన, న్యాయశాస్త్రము చదువుచున్న బావగారి మనుమరాలు. ఆదివారము సాయంకాలము మా వరండాలో చేరి, ఏదో యొక పాత హత్యకేసును తీసికొని మరల విచారణ జరుపుచుందుము. ముద్దాయి లేడు, పోలీసులు లేరు, ఫీజు అసలే లేదు.

ఇది మా యొక్కరి వ్యసనము కాదు. లండను నగరములో 1888లో వరుసగా స్త్రీలను చంపిన వాడెవడో తేలలేదు. నాటినుండి నేటివరకు వానికొక పేరు పెట్టవలెనని ఎందరో శ్రమించుచునే యున్నారు. మనకు చేరువగా మద్రాసులో 1944 నవంబరులో లక్ష్మీకాంతన్ అను పత్రికాధిపతి కత్తిపోట్లకు గురియై మరణించెను. ఆ కేసులో ప్రసిద్ధ నటులు త్యాగరాజ భాగవతారునకును, ఎన్. ఎస్. కృష్ణనునకును శిక్షపడి, 1947లో ఇరువురును నిర్దోషులుగా బయటపడిరి. చంపినది ఎవరన్న ప్రశ్న అట్లే నిలిచిపోయినది. మేమును మొదట దానినే చేపట్టితిమి. రెండు ఆదివారములకే విడిచితిమి. అందు సాక్ష్యముకన్న పుక్కిటి పురాణమే మెండుగా నుండెను.

అప్పుడు మనుమరాలు ఒక పాత తీర్పు తెచ్చి మా ముందు పెట్టినది. పాకాల నారాయణస్వామి కేసు. న్యాయవాద వృత్తిలో ఉన్నవారికి దీనిని గూర్చి చెప్పవలసిన పని లేదు. భారతదేశములో సాక్ష్యశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు దీని పేరు వినియే యుండును. కాని ఇది మన తెలుగువారి యిండ్లలో పుట్టిన కథయని చాలమందికి తోచదు.

కథ పిఠాపురమున మొదలగును. సూర్యరాయాంధ్ర నిఘంటువును వెలయించిన సంస్థానముగా మనమెరిగిన పిఠాపురమే అది. అచ్చటి దివానుగారి కొలువులో నూకరాజు అను బంట్రోతు ఉండెను. వయస్సు సుమారు నలువది. పెండ్లియై ఇరువదిరెండేండ్లు. దివానుగారి కుమార్తెలలో ఒకామె భర్తయే నారాయణస్వామి. వారి వివాహము 1919 ప్రాంతమున జరిగెను. దంపతులు బరంపురమున కాపురముండి, 1933 ప్రాంతమున పిఠాపురము తిరిగివచ్చిరి. అప్పుడు వారికి డబ్బునకు ఇబ్బందిగా నుండినట్లు తీర్పు చెప్పుచున్నది. 1936లో దివానుగారి కుమార్తె ఆ బంట్రోతువద్దనే కొంచెము కొంచెముగా మూడువేల రూపాయలు అప్పు తీసికొనెను. వడ్డీ సాలుకు నూటికి 18. మన లెక్కలో నెలకు రూపాయిన్నర వడ్డీ. సాలుకు వడ్డీయే 540 రూపాయలు. ఈ లావాదేవీలను రుజువుచేయు జాబులు, చీటీలు సుమారు ఏబది, ఆమె చేవ్రాలుతో, అతని మరణానంతరము అతని యింట దొరికెను.

ఇచ్చట నేను కొంచెము ఆగవలెను. అప్పిచ్చినవాడు బంట్రోతు, పుచ్చుకొన్నది దివానుగారి బిడ్డ. పగలు గుమ్మమువద్ద చేతులు కట్టుకొని నిలుచువానికి ఆ యింటివారు ఋణపడియున్నారు. ఆ కాగితములను అతడు ఒక్కటియు పారవేయక దాచుకొనెను. బాకీ తీర్చుడని గట్టిగా అడుగుటకు అతనికి నోరెట్లు వచ్చెనో, అసలు వచ్చెనో లేదో, తీర్పులో లేదు. కాని ఆ దాచుకొన్న కాగితములే అతని తరపున మాటలాడినవి.

1937 మార్చి 20, శనివారమునాడు నూకరాజునకు ఒక జాబు వచ్చెను. దానిపై చేవ్రాలు లేదు. అందేమి వ్రాసియుండెనో కోర్టులో సరిగా రుజువు కాలేదు. ఆ దినమో మరునాడో బరంపురమునకు రమ్మని పిలుపు అని మాత్రము తేలినది. అతడా జాబును భార్యకు చూపి, నారాయణస్వామి భార్య వ్రాసినది, బాకీ పుచ్చుకొనుటకు రమ్మన్నది, బరంపురము పోవుచున్నానని చెప్పెను. ఆదివారమునాడు రైలు అందుకొనుటకై ఇల్లు విడిచెను. మరల రాలేదు.

మంగళవారము, 23వ తేదీ, మధ్యాహ్నమువేళ పూరీ స్టేషనులో ఒక మూడవ తరగతి పెట్టెలో, ఎవరును తమదని చెప్పని ఉక్కు ట్రంకు ఒకటి కనబడెను. తెరచి చూడగా అందు ఏడు ముక్కలుగా చేయబడిన మనిషి శరీరము. గుర్తుపట్టుటకు కొన్ని దినములు పట్టెను. గుర్తుపట్టినది భార్యయే.

మా బావగారు ఇంతవరకు విని, రైల్వే పటము తెమ్మనిరి. బరంపురమునుండి ఉత్తరముగా పోయిన బండి ఖుర్దా రోడ్డు చేరును. అచ్చటినుండి పూరీకి శాఖామార్గము. ఆ మార్గము పూరీతో సరి. బండి ఇంక ముందుకు పోదు. “హౌరా పోయే బండిలో పెట్టి ఉంటే ఆ పెట్టె ఇంకా ఎంతో దూరం పోయేది. ఆఖరు స్టేషనులో పెట్టెలన్నీ దింపి చూస్తారు. పెట్టినవాడికి రైలు సంగతి తెలియదు, లేకపోతే తొందరలో ఉన్నాడు,” అని ఆయన తీర్మానము. జగన్నాథుని యాత్రికులు పెట్టెలు, మూటలతో క్రిక్కిరియు బండిలో ఒక ట్రంకు ఎవరిదని ఎవరడుగుదురని పొరుగాయన వాదము. రెండును మంచి ఊహలే. ఊహలని మనుమరాలు పుస్తకములో ప్రక్కగా వ్రాసికొనినది. ఆమెకు మాయందు అంత నమ్మకము లేదు.

ఏప్రిలు 4వ తేదీన పోలీసులు బరంపురములో నారాయణస్వామి యింటికి వచ్చి విచారించిరి. అప్పుడాయన చెప్పినది ఇది: నూకరాజు 21వ తేదీ సాయంకాలము మా యింటికి వచ్చెను, రాత్రి ఒక గదిలో పండుకొనెను, 22వ తేదీ సాయంకాలము పాసింజరు బండిలో వెడలిపోయెను. ఆయనతో బాటు ఇంటిలోని మరికొందరు కూడ పట్టుబడిరి. మేజిస్ట్రేటు విచారించి, సాక్ష్యము చాలదని అందరిని విడిచిపెట్టెను. కేసు అక్కడ ముగిసియుండవలసినదే. అట్లు ముగిసినచో నేటికిని అది తేలని హత్యగానే యుండెడిది. కాని సెషన్సు జడ్జి తన యధికారము వినియోగించి, కారణము చూపుడని అడిగి, 1937 జూలైలో భార్యాభర్తలను విచారణకు పంపించెను. విచారణలో భార్య నిర్దోషియని విడుదలయ్యెను. భర్తకు మరణశిక్ష పడెను.

అప్పీలు పాట్నాకు పోయినది. గంజాము జిల్లా 1936 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాజధానినుండి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రములో చేరియుండెను. ఆ రాష్ట్రమునకు స్వంత హైకోర్టు 1948లో గాని రాలేదు. కనుక పిఠాపురపు బంట్రోతు మరణముపై బరంపురమున తీర్పు, పాట్నాలో అప్పీలు, పిమ్మట లండనులో ప్రివీ కౌన్సిలు. 1939 జనవరి 19న లార్డు ఆట్కిను తీర్పు వెలువడెను.

మేము తీర్పు చేతబట్టిన మొదటి ఆదివారము మా పని ఒక గంటలో ముగిసినదని తలంచితిమి. నూకరాజు ఆ యింటికి వచ్చినట్లు ముద్దాయియే చెప్పుచున్నాడు. ఇరువదిరెండవ తేదీ సాయంకాలము క్షేమముగా బండి యెక్కిన మనిషి, మరునాటి మధ్యాహ్నమునకు అంతదూరమున ఏడు ముక్కలై పెట్టెలో ఎట్లుండును? బావగారు కాగితముపై గంటలు లెక్కవేసి చూపిరి. ఇంక కావలసినదేమి?

“తాతగారూ, ఆ మాట కోర్టు చూడనే కూడదన్నది,” అని మనుమరాలు అనినది. పిదప ఎఱ్ఱ పెన్సిలు తీసికొని, పోలీసులతో ముద్దాయి చెప్పిన వాక్యములను మా ప్రతిలో అడ్డముగా కొట్టివేసి, మరల మొదటినుండి చదువుడనినది.

దాని కారణము వివరింపవలసియున్నది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 162వ సెక్షను ప్రకారము, దర్యాప్తులో పోలీసుకు ఒకరు చెప్పిన మాటను విచారణలో సాక్ష్యముగా వాడరాదు. అది సాక్షులకే గాని ముద్దాయి కాబోవువానికి వర్తింపదని ఒక వాదము ఉండెను. లార్డు ఆట్కిను దానిని త్రోసివేసెను. చట్టములో “ఏ వ్యక్తియైనను” అని యున్నది. ముద్దాయియు ఒక వ్యక్తియే. పోలీసు ఎదుట ప్రమాణము లేదు, వకీలు లేడు, చెప్పినదానిని వ్రాసికొనువాడే నేరము పట్టవలసినవాడు. అట్టి తావున పుట్టిన మాట నిజమైనను కావచ్చును, కాని అది తూకమున వేయదగిన సరుకు కాదు.

అదే తీర్పులో నేరాంగీకారమునకు కూడ హద్దు గీయబడెను. చంపిన కత్తి నాదేయని ఒకడు ఒప్పుకొన్నంత మాత్రమున నేరము నొప్పుకొన్నట్లు కాదు. నేరమును గాని, నేరమున కవసరమైన సంగతులన్నింటిని దాదాపుగా గాని ఒప్పుకొన్నప్పుడే అది అంగీకారము. మన ఊళ్లలో “వాడే ఒప్పుకొన్నాడట” అను మాట ఎంత సులభముగా పుట్టునో తలంచినచో ఈ హద్దు విలువ తెలియును.

మరి కొట్టివేసిన పిమ్మట మిగిలినదేమి? ఏబది ఋణపత్రములు. ముద్దాయి తరపున కొనబడినదని రుజువైన ట్రంకు. ఆ ట్రంకులోని శరీరము. ఇంకొకటి, భార్య మాట.

ఈ చివరిదానిపై పెద్ద తగవు జరిగినది. చనిపోయినవాడు భార్యతో చెప్పిన మాటను ఆమె కోర్టులో చెప్పుట వినికిడి సాక్ష్యమే కదా! ఇంగ్లాండు చట్టములో మరణవాఙ్మూలము చెల్లవలెనన్నచో, చెప్పువాడు తాను తప్పక చనిపోవుదునని ఎరిగి చెప్పియుండవలెను. బాకీ వసూలు చేసికొందునన్న ఆశతో రైలెక్కబోవువాడు మరణమును ఎట్లు ఎరుగును? కాని 1872 నాటి మన సాక్ష్యచట్టము 32వ సెక్షను ఆ షరతు పెట్టలేదు. మరణమునకు దారితీసిన వ్యవహారములోని పరిస్థితులను గూర్చి మృతుడు చెప్పినది చాలును, అప్పటికి చావుభయము ఉన్నను లేకున్నను. ఎచ్చటికి పోవుచున్నాడో, ఎవరిని చూడబోవుచున్నాడో, ఎందులకో చెప్పిన మాట అట్టి పరిస్థితియేయని ప్రివీ కౌన్సిలు తేల్చెను. అయితే ఆ పరిస్థితికిని మరణమునకును దగ్గరి సంబంధముండవలెననియు హెచ్చరించెను. ఎప్పుడో కలిగిన పాత అనుమానములు చెల్లవు.

నాకు ఈ తీర్పులో అన్నింటికంటె గొప్పగా తోచినది ఇదియే. ప్రయాణమునకు ముందు ఒక బంట్రోతు తన భార్యతో చెప్పిపోయిన మాట. అట్టి మాటలు మనము దినమునకు పది చెప్పుదుము, పది మరతుము. ఆమె మరువలేదు. ఆమె నోటిమాట సముద్రములు దాటి లండనులో నిలిచినది. పెద్దమనిషి పోలీసుకు చెప్పిన వాఙ్మూలము నిలువలేదు. 2024 జూలై 1న పాత చట్టముల స్థానమున కొత్తవి వచ్చినను, భారతీయ సాక్ష్య అధినియమము 26వ సెక్షనులో ఈ సూత్రము కొనసాగుచునే యున్నది.

పోలీసుకు చెప్పిన మాటను తీసివేసినను, మిగిలిన సాక్ష్యము చాలునని ప్రివీ కౌన్సిలు అప్పీలును కొట్టివేసెను. మా వరండాలో మాత్రము అభిప్రాయము ఒకటి కాలేదు. ట్రంకు ఒక్కటియే చాలునని పొరుగాయన. ట్రంకు కొన్నంత మాత్రమున చంపినట్లగునాయని మనుమరాలు. ఎఱ్ఱగీతక్రింది వాక్యములను మరువలేకున్నానని బావగారు నిజాయితీగా ఒప్పుకొనిరి. నా మాట అడిగినచో, నేనును దోషియనియే తీర్పు చెప్పియుందును. కాని ఉరికంబము మాట వచ్చునప్పటికి నా చేతికి కలము బరువగును. ఈ సందేహము సాక్ష్యమువలన కలిగినదో, ముదిమివలన కలిగినదో నేను చెప్పలేను.

ఇంకొక సంగతి దాచక చెప్పుదును. ఆ జాబు ఎవరు వ్రాసిరి, ఇంటిలో ఇంకెవరికి ఏమి తెలియునని పొరుగాయన ఊహలు అల్లసాగిరి. మొదట నేనును తాళము వేసితిని. అప్పుడు మనుమరాలు తీర్పు మూసినది. విచారణ పొంది నిర్దోషియని విడుదలయిన వారిని చేవ్రాలులేని జాబు నాధారముగా మనము వరండాలో మరల బోనెక్కింపరాదని ఆమె పట్టు. నూకరాజు మాట భార్య విన్నది, కనుక అతడట్లు నమ్మి బయలుదేరెనని తెలియును. ఆ జాబు ఎవరి చేతివ్రాతయో దానివలన తెలియదు. ఈ రెంటికిని నడుమ ఉన్న దూరమును మాలో ముగ్గురు పెద్దలము గమనింపలేదు. ముప్పదియేండ్లు పిల్లల జవాబుపత్రములు దిద్దినవాడను, సిగ్గుపడితిని.

వచ్చు ఆదివారము మరల అదే తీర్పు చదువుదుము. ఈ మారు బావగారి కోరికపై బరంపురమునుండి పూరీకి రైలు గంటల లెక్క తీయవలెను. నూకరాజు పిఠాపురమునుండి వచ్చిన దారి లెక్క కూడ తీయుడని నేను కోరితిని. ఆ దారి సుమారు 250 మైళ్లు.