మీకు తెలుసా? పాతకాలం కథలో కొంటె మాటలు

● ఇంగ్లండ్‌లో మూడో జార్జి మతి చలించడంతో 1811 నుంచి 1820 దాకా కొడుకే రాజప్రతినిధిగా పాలించాడు. అదే రీజెన్సీ కాలం. జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది.

● ఆ కాలాన్ని తీసుకుని, మాటకు మాట అప్పజెప్పే నాయికలతో నవలలు రాసి ఆ ఒరవడి దిద్దింది జార్జెట్ హేయర్. ఆమె ‘రీజెన్సీ బక్’ 1935 నాటిది.



● గతించిన కాలపు సరసాన్ని నవ్వుతో చెప్పడం మనకు అంతకన్నా పాత అలవాటు. వినుకొండ ఇంటిపేరు గల వల్లభరాయుడి పేర దొరికే ‘క్రీడాభిరామం’ కాకతీయుల ఓరుగల్లును చూపిస్తుంది. అందులో మంచన శర్మ, టిట్టిభ సెట్టి వీధులన్నీ తిరుగుతూ చమత్కారాలాడతారు, పూటకూళ్లింట తింటారు, పల్నాటి వీరుల పాట వింటారు. కర్త శ్రీనాథుడేనని వాదించిన పండితులూ ఉన్నారు.

● ఈ రచనల ఆకర్షణ ఒకటే: కట్టుబాట్లు బిగుసుకున్న చోటే కొంటె మాటకు పదునెక్కువ. రీజెన్సీ నవలలు నచ్చినవారు ‘క్రీడాభిరామం’ కూడా చదివి చూడండి.