హార్సిలీ కొండలు – విడిది కేంద్రముల ఆర్థికపు పోటీ

వేసవి రాగానే మన జనులు ఊటీకి, కొడైకెనాలుకు ప్రయాణము కట్టుదురు. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననే హార్సిలీ కొండలు కలవన్న సంగతి వారెరుగకపోలేదు. ఎరిగియు ఊటీకే పోవుదురు. ఎందువలన? వాణిజ్యశాస్త్రము చదువుచున్న మాకు ఈ ప్రశ్న ఆసక్తి గొలిపినది.

ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. హార్సిలీ కొండలది 1,265 మీటర్లు. చల్లదనములోని ఈ తేడాను ఎవరును మార్చలేరు. కాని కథ అంతటితో ముగియదు. ఏనుగు మల్లమ్మ కొండ అని పేరుగాంచిన తావున 19వ శతాబ్దిలో కడప కలెక్టరు హార్సిలీ వేసవి బంగళా కట్టుకొనెను. అంతకు ముందే ఊటీలో కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ చేసిన పనియు అదియే. ఆరంభము ఒక్కటే, పిదప దారులు వేరైనవి. ఊటీ మదరాసు ప్రభుత్వమునకు వేసవి రాజధానియైనది. 1848లో వృక్షోద్యానము వెలసినది. 1908లో రైలు ఊరు చేరినది. హార్సిలీ కొండపైకి నేటికిని రైలు లేదు. ప్రకృతి ఇచ్చినదానికంటె తరతరముల పెట్టుబడియే ఊటీని నిలబెట్టినదని మా అభిప్రాయము.

విడిది వ్యాపారములో ఒక చిక్కు కలదు. నేడు అమ్ముడుపోని బియ్యమును రేపు అమ్మవచ్చును. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గదిని రేపు అమ్మజాలము. గది నిండినను నిండకున్నను వంటవాని జీతము, కాపలా, నీటి ఏర్పాటు తప్పవు. బెంగుళూరు సుమారు 150 కిలోమీటర్ల దూరముననే యుండుట హార్సిలీకి వరమును, చిక్కును. ఉదయము వచ్చి, ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర తిని, సాయంత్రమునకు తిరిగిపోవువారి వలన కొండకు మిగులునది విస్తరాకులే! రాత్రి బస చేసినప్పుడే గది అద్దె, రెండు పూటల భోజనము, స్థానికులకు పని. కావున పోటీలో లెక్కింపవలసినది వచ్చిన తలలు కావు, గడిపిన రాత్రులు. ఖర్చయిన రూపాయిలో ఎంత భాగము ఆ ప్రాంతముననే నిలిచినదన్నది.

ఊటీని అనుకరించుట మేలు కాదు. అచట రద్దీ మితిమీరగా, మదరాసు హైకోర్టు ఆదేశముతో 2024 మే నెలలో వాహనములకు ఈ-పాసు విధింపబడినది. హార్సిలీకి తనదైన సరుకు చుట్టుప్రక్కలనే కలదు. 1919లో రవీంద్రుడు జనగణమనను ఆంగ్లములోనికి అనువదించినది మదనపల్లెలోనే. హైదరాలీ, టిప్పు సుల్తానుల ఏలుబడిని చూచిన గుర్రంకొండ కోట, అందలి రంగిణి మహలు దూరము కావు. కొండను, కోటను, ఊరిని ఒక్క ప్రయాణముగా కలిపినచో యాత్రికుడు రెండు రాత్రులుండును. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమంతట పేరుగాంచినదే. కొండపై వంటశాలలకు కూరగాయలు అచటినుండియే పోయినచో రైతుకును భాగముండును.

ఇక వారమధ్యమున గదులు నింపుట. ఆ రోజులలో తీరిక గలవారము విద్యార్థులమే. మా చేతిలో డబ్బే తక్కువ. సోమవారమునుండి గురువారము వరకు సగము అద్దెకు పెద్ద బస గది ఒకటి ఇచ్చినచో, ఖాళీ గదికంటె ఆ సగమే విడిదికి లాభము. మా కళాశాల విహారయాత్రా సంఘము రాబోవు సంవత్సరము ఈ మాటను విడిది నిర్వాహకుల ముందుంచవలెనని కోరుచున్నాము.