ఫెర్న్ ఆకు కింద చుక్కలు: పురుగా, బీజమా?

భద్రాచలం అడవి అంచున మా షేడ్‌నెట్‌లో ఫెర్న్ మొక్కలు పెంచుతున్నా. ఆకు వెనక గోధుమరంగు చుక్కలు కనపడగానే చాలామంది మందు కొట్టేస్తారు. ఆగండి! వరుసగా, ఒకే సైజులో ఉంటే అవి సిద్ధబీజాల గుంపులు. వాటితో మొక్కకు నష్టం లేదు. మందు కొడితే ఖర్చు దండగ, లేత ఆకులూ మాడొచ్చు.

అడ్డదిడ్డంగా, కాడ మీద కూడా ఉండి, గోటితో గీకితే ఊడొస్తూ, ఆకు జిగటగా ఉంటే అది పొలుసు పురుగు. చీమలు తిరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

బాగా పట్టిన ఆకులు కోసి కాల్చేయండి. మిగతావి తడి గుడ్డతో తుడవండి. లీటరు నీటికి 3 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి ముందు ఒక్క ఆకు మీదే కొట్టండి. రెండు రోజుల్లో మాడకపోతేనే, సాయంత్రం పూట మొక్కంతా తడపండి. పొలుసు కింద దాగిన తల్లికి మందు సరిగా అందదు, పాకే పిల్లలే చస్తాయి. అందుకే వారానికోసారి మళ్లీ కొట్టాలి. రెండు రకాల ఆకులూ పక్కపక్కనే పెట్టి వీడియోలో చూపించా, చూడండి.